సెల్లార్ మునిగితే ఎవరి ఇన్సూరెన్స్? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పాలసీల్లోని చిక్కుముళ్లు

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వాన హనుమకొండను ముంచిన తెల్లారి, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ ఆరు కాకముందే వచ్చింది. సెల్లార్‌లో మోకాళ్లు దాటి నీళ్లు. జనరేటర్ సగం మునిగింది, లిఫ్ట్ కిందికి పోయి అక్కడే ఆగిపోయింది, వాచ్‌మన్ భార్య బియ్యం బస్తాను ఒక్కో మెట్టు మీదికి లాగుతోంది. కాసేపటికి ఎవరో అడిగారు: "మన బిల్డింగ్‌కి ఇన్సూరెన్స్ ఉన్నదా సార్?"

ఉందన్నారు సెక్రటరీ గారు. ఉంటే నా కారుకు వస్తుందా అని రెండో అంతస్తు నుంచి ప్రశ్న. నాకు బ్యాంకు వాళ్లు చేసిన ఇన్సూరెన్స్ ఉంది కదా, మళ్లీ అసోసియేషన్‌ది ఎందుకని నాలుగో అంతస్తు. డల్లాస్‌లో ఉండే ఓనర్ ఒకాయన "మాస్టర్ పాలసీ కాపీ పెట్టండి" అన్నారు. ఆ నలుగురూ నాలుగు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు, వాడుతున్న మాట మాత్రం ఒక్కటే, ఇన్సూరెన్స్. అప్పటికి రెండేళ్లుగా అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తున్నాను. పాలసీ కాగితం నా ఫైల్లోనే ఉంది, కానీ దాన్ని పూర్తిగా చదివింది ఆ రోజే. ఆ తర్వాత మూడు నెలలు సర్వేయర్‌తో (క్లెయిమ్‌లో నష్టం లెక్కకట్టే మనిషి), ఓనర్లతో కూర్చుంటే అర్థమైన దాన్ని ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. 2020 ఆగస్టులో, 2023 జూలైలో కూడా నీళ్లు చూసిన ఊరు మనది, కాబట్టి ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది.

బిల్డింగ్‌లో మీది ఏది, అందరిదీ ఏది

ఇన్సూరెన్స్ సంగతి తేలాలంటే ముందు ఆస్తి సంగతి తేలాలి. మీ సేల్ డీడ్ తీసి చూడండి, అందులో రెండు కొలతలు ఉంటాయి. ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులో ఒకటి, స్థలంలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో రెండోది. ఫ్లాట్ లోపలిది మీ సొంతం. మెట్లు, లిఫ్ట్, టెర్రస్, సెల్లార్, సంప్, పైన ట్యాంకు, కాంపౌండ్ గోడ అందరివీ. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఈ ఉమ్మడి హక్కు సంగతి చెబుతుంది. 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ఉమ్మడి భాగాలంటే ఏవేవో వరసగా రాసి, వాటిని బిల్డర్ ఓనర్ల అసోసియేషన్‌కు అప్పగించాలని 17వ సెక్షన్‌లో చెప్పింది.

ఇంతవరకూ గొడవ లేదు. గొడవంతా మధ్యలో ఉన్నవాటితోనే. మీ పైకప్పు శ్లాబే పైవాళ్లకు ఫ్లోర్, మరి అది ఎవరిది? బయటి గోడకు లోపలి వైపు మీ రంగు, బయటి వైపు అసోసియేషన్ రంగు. డక్ట్‌లో దిగే డ్రైనేజీ పైపు అయిదు ఇళ్లది. ఇలాంటివాటికి సమాధానం సేల్ డీడ్‌లో దొరకదు, పాలసీలో "ఆస్తి వివరణ" అని ఉండే రెండు మూడు లైన్లలో వెతకాలి.

ఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని మూడు పొరలుగా చూస్తారు. పిల్లర్లు, బీములు, శ్లాబులు, గోడలు కలిపి స్ట్రక్చర్. మీరు సొంతంగా చేయించుకున్న కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ లాంటివి ఇంటీరియర్. సోఫా, టీవీ, ఫ్రిజ్, బట్టలు సామాను. అసోసియేషన్ పాలసీ సాధారణంగా మొదటి పొర దగ్గరే ఆగుతుంది, ఒక్కోసారి అది కూడా పూర్తిగా ఉండదు. మా పాలసీలో ఆస్తి వివరణ ఒకే లైను: ఆర్‌సీసీ ఫ్రేమ్డ్ స్ట్రక్చర్, ఎక్స్‌క్లూడింగ్ ప్లింత్ అండ్ ఫౌండేషన్. అంటే పునాది, దానికీ ఫ్లోర్‌కీ మధ్య కట్టే ప్లింత్ లెక్కలో లేవు. జనరేటర్ మాట ఎక్కడా లేదు. ఏటా రెన్యువల్ చేసిన అందరి చేతుల మీదుగా ఆ లైను వచ్చింది, నాతో సహా ఎవరూ ఆగి చదవలేదు.

బిల్డర్ కడుతున్నప్పుడు తీసుకోవాల్సిన బీమా ఇంకొకటి. స్థలం టైటిల్‌కు, నిర్మాణానికి బీమా గురించి రెరా 16వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు అది వర్తిస్తుంది, బిల్డింగ్‌తో పాటు అసోసియేషన్‌కు మారాలి. స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలనే నియమం 14వ సెక్షన్‌లో ఉంది, దానికీ ఇన్సూరెన్స్‌కీ సంబంధం లేదు. పగిలిన శ్లాబుకు ఇన్సూరెన్స్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరు నిజానికి బిల్డర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు.

ఒకే కప్పు కింద నాలుగైదు పాలసీలు

అసోసియేషన్ పేరు మీద ఉండే పాలసీ ఒకటి. అగ్ని ప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం లాంటి వాటికి బిల్డింగ్‌కు రక్షణ ఇస్తుంది. లిఫ్ట్ దానంతటది పాడైతే వచ్చే మెషినరీ బ్రేక్‌డౌన్ కవర్, లిఫ్ట్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే పనికొచ్చే లయబిలిటీ కవర్, వాచ్‌మన్‌కు పనిలో ప్రమాదం జరిగితే ఉపయోగపడే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ కవర్ వేరువేరు. కొన్ని కంపెనీలు వీటన్నిటినీ ప్యాకేజీ చేసి అమ్ముతాయి. ప్యాకేజీ అన్నంత మాత్రాన అన్నీ అందులో ఉన్నట్టు కాదు, ప్రీమియం కట్టిన భాగాలే ఉంటాయి.

ఓనర్ సొంతంగా తీసుకునేది రెండోది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీ తెచ్చింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ప్రాథమిక షరతులు ఒకటే. ఇంటికి కవర్ తీసుకుంటే సామానుకు కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, దానంతటదే వస్తుంది. 1,200 అడుగుల ఫ్లాట్, అడుగుకు 2,000 చొప్పున కట్టుబడి ఖర్చు అనుకుంటే ఇంటికి 24 లక్షలు, సామానుకు 4 లక్షల 80 వేలు. బంగారం, వెండి లాంటివి ఇందులో రావు, వాటికి విడిగా కవర్ తీసుకోవాలి. కిరాయికి ఉండేవాళ్లకు గోడల మీద హక్కు లేదు కాబట్టి వాళ్లు సామాను వరకే చేయించుకుంటారు.

ఇక బ్యాంకు లోన్‌తో వచ్చేది. ఎక్కువ టెన్షన్ దీంతోనే. నాలుగో అంతస్తు సార్ తన లోన్ ఫైల్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు, ఇద్దరం కలిసి చదివాం. అది ఇంటికి చేసిన బీమా కాదు, ఆయన ప్రాణానికి చేసింది. లోన్ తీరకముందే ఆయనకు ఏమైనా అయితే బాకీ కట్టే పాలసీ. ఆరేళ్లుగా దాన్ని ఇంటి ఇన్సూరెన్స్ అనుకుంటున్నారు. కాగితాలు సర్దుకుంటూ ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. ఒకవేళ లోన్‌తో నిజంగా ఇంటి బీమానే చేయించినా, బాకీ ఉన్నంతకాలం పెద్ద క్లెయిమ్ డబ్బు మీద మొదటి హక్కు సాధారణంగా బ్యాంకుదే.

అసోసియేషన్ పాలసీలోనూ, సొంత పాలసీలోనూ అదే గోడ ఉంటే రెండు చోట్లా డబ్బు వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. బీమా అనేది నష్టం పూడ్చడానికే. లక్ష నష్టానికి రెండు కంపెనీల నుంచి రెండు లక్షలు రావు.

కారు, బండి సంగతి చిన్నది. వాటికి వాటి మోటార్ పాలసీయే దిక్కు, అది కూడా ఓన్ డ్యామేజ్ కవర్, అంటే మన బండికే జరిగే నష్టానికి కవర్, ఉన్నదైతేనే. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నదానికి వరద నష్టం రాదు. నీళ్లలో ఉన్న కారును స్టార్ట్ చేస్తే పాడయ్యే ఇంజిన్‌కు విడిగా యాడ్-ఆన్ ఉంటుంది.

డల్లాస్ నుంచి అడిగిన "మాస్టర్ పాలసీ"

మన జిల్లాల్లో ఫ్లాట్ కొన్నవాళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు తక్కువేం కాదు, వాళ్లు అక్కడి లెక్కతో ఇక్కడి ప్రశ్న అడుగుతారు. అక్కడ కాండో (మన అపార్ట్‌మెంట్ ఫ్లాట్ లాంటిది) అంటే అసోసియేషన్ తీసుకునే మాస్టర్ పాలసీ ఒకటి, ఓనర్ తీసుకునే హెచ్‌ఓ-6 పాలసీ ఒకటి. రెండింటి మధ్య గీత ఎక్కడుందో అసోసియేషన్ పత్రాల్లో, ఆ రాష్ట్ర చట్టంలో రాసి ఉంటుంది. బేర్ వాల్స్ రకం అయితే మాస్టర్ పాలసీ గోడ దగ్గరే ఆగుతుంది, లోపలి ఫిట్టింగులన్నీ ఓనర్‌వే. ఆల్-ఇన్ రకం అయితే లోపలి ఫిట్టింగులు కూడా మాస్టర్ పాలసీలోకి వస్తాయి. ఫ్లోరిడాలో అయితే చట్టమే ఆ గీత గీసింది. గోడ బోర్డు వరకు అసోసియేషన్‌ది, ఫ్లోరింగ్, రంగులు, కిచెన్ కౌంటర్ ఓనర్‌వి.

ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ మామూలు మాస్టర్ పాలసీలో వరద ఉండదు. దానికి వేరే పాలసీ, చాలామంది ప్రభుత్వ వరద బీమా కార్యక్రమం కింద తీసుకుంటారు. మన దగ్గర నమూనా పాలసీల్లో వరద, ముంపు మొదటి నుంచీ భాగమే. కాబట్టి వరదకు కవర్ ఉండదేమోనని డల్లాస్ సారు భయపడ్డ చోట మనకు భయం లేదు. కానీ ఆయన నమ్మకంగా ఉన్న చోట, అంటే గీత ఎక్కడో రాసే ఉంటుందన్న చోట, మన దగ్గర ఏమీ లేదు. మా బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమాల్లో, మెయింటెనెన్స్ గురించి నాలుగు పేజీలు ఉన్నాయి, ఇన్సూరెన్స్ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని సర్వేయర్ ఎందుకు అడుగుతాడు

ఏం పాడైందన్న దాని కంటే ఎందుకు పాడైందన్న దానికే ఇన్సూరెన్స్‌లో బరువెక్కువ. వాన పడి నాలా పొంగి గేటు మీదుగా నీళ్లు సెల్లార్‌లోకి వస్తే అది ముంపు, కవర్ ఉంటుంది. సెల్లార్ గోడల్లోంచి ఏళ్లుగా చెమ్మ ఊరి ప్లాస్టర్ రాలితే అది మెల్లగా జరిగిన పాడు, కవర్ ఉండదు. మా సెల్లార్‌లో రెండూ ఉన్నాయి. కొత్త నీటి గీత నడుము ఎత్తున గోధుమ రంగులో గోడ చుట్టూ సమానంగా ఉంది. దానికింద ఈశాన్యం మూలలో పాత చెమ్మ తెల్లగా ఉప్పు పట్టి కనిపిస్తోంది. సర్వేయర్ ఆ రెండింటినీ విడిగా ఫొటోలు తీసుకున్నాడు. ఆ మూల ప్లాస్టర్‌కు రూపాయి కూడా రాలేదు, అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

పై ఫ్లాట్ నుంచి కింది ఫ్లాట్‌కు లీకేజీ గొడవల్లో కూడా ఇదే తేడా. పైపు పగిలి ఒక్కసారిగా నీళ్లు కురిస్తే నమూనా పాలసీల్లో దానికి చోటుంది. పై బాత్రూమ్ టైల్స్ సందుల్లోంచి రెండేళ్లుగా ఊరితే ఏ పాలసీ పట్టించుకోదు, ఆ సంగతి రెండు ఇళ్ల మధ్యే తేలాలి.

కరెంటు వస్తువులతో వ్యవహారం ఇంకా సున్నితం. షార్ట్ సర్క్యూట్ వల్ల మోటార్ కాలితే ఆ మోటార్‌కు అగ్ని బీమా కింద డబ్బు రాదు, దాని మంట అంటుకుని పక్కన పాడైన వాటికి వస్తుంది. మరి వరద నీళ్లు ప్యానెల్ బోర్డులోకి పోయి, అప్పటికి కరెంటు ఆన్‌లోనే ఉండి, షార్ట్ అయితే? షార్ట్ సర్క్యూట్ కాబట్టి మినహాయింపు కిందకే వస్తుందని కంపెనీ వైపు వాదన. నీళ్లు రాకపోతే షార్టే అయ్యేది కాదు కదా, అసలు కారణం వరదేనని ఓనర్ల వైపు వాదన. బీమాలో అసలు కారణం ఏదో చూడాలనే సూత్రం పాతదే, దాని ప్రకారం చూస్తే రెండో వాదనకే బలం ఎక్కువని నా అభిప్రాయం. అయినా కరెంటు ఎప్పుడు తీశారు, నీళ్లు ఎంతవరకు వచ్చాయి అన్న రుజువు లేకపోతే బలమైన వాదన కూడా నిలబడదు.

భూకంపం మనకెందుకని అనేవాళ్లుంటారు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హనుమకొండలో ఫ్లాట్ల నుంచి జనం కిందికి పరుగెత్తారు. నమూనా పాలసీల్లో భూకంపం ఎలాగూ ఉంది కాబట్టి మన దగ్గర ఇది పెద్ద చర్చ కాదు.

ఎంతకు చేయించారు: ఒక లెక్క

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. బిల్డింగ్ బీమాకు ఫ్లాట్ అమ్మకం ధరతో పని లేదు. అమ్మకం ధరలో స్థలం విలువ ఉంటుంది, స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అదే బీమా మొత్తం.

ఒక ఊహా బిల్డింగ్ తీసుకుందాం. 20 ఫ్లాట్లు, పది 1,000 అడుగులవి, పది 1,500 అడుగులవి. సెల్లార్, మెట్లతో కలిపి కట్టడం 30,000 అడుగులు. అడుగుకు 2,000 చొప్పున మళ్లీ కట్టడానికి 6 కోట్లు. కానీ పాలసీ కొన్నేళ్ల కిందటి రేటుతో 4.5 కోట్లకే ఉంది. వరదలో నష్టం ఇలా ఉందనుకుందాం: లిఫ్ట్ 2,40,000, మోటార్లు, ప్యానెల్ బోర్డు 1,10,000, కాంపౌండ్ గోడ 1,50,000, జనరేటర్ 3,00,000. మొత్తం 8 లక్షలు.

జనరేటర్ పాలసీలో రాయలేదు కాబట్టి మొదటే పోయింది, మిగిలింది 5 లక్షలు. 6 కోట్ల ఆస్తికి 4.5 కోట్లే చేయించారు, అంటే మూడు వంతుల బీమా, ఒక వంతు మీ సొంత రిస్కు. తక్కువ బీమా కోత పడితే 5 లక్షల్లో మూడు వంతులు, అంటే 3,75,000. దాంట్లో 5 శాతం ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం, 18,750 తీసేస్తే చేతికి వచ్చేది 3,56,250. ఎనిమిది లక్షల నష్టానికి సగం కూడా కాదు, ఇందులో కంపెనీ చేసిన మోసమూ లేదు. ప్రతి కోతకూ పాలసీలో ఒక లైను ఉంది.

ఈ కోత అన్ని పాలసీల్లో ఒకేలా ఉండదు. గృహ రక్షలో ఇంటి కొలత, కట్టుబడి రేటు సరిగ్గా చెప్పి తీసుకుంటే తక్కువ బీమా కోత ఉండదు, బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతుంది. చిన్న వ్యాపారాలకు ఉద్దేశించిన నమూనా పాలసీల్లో 15 శాతం వరకు తేడాను పట్టించుకోరు. పై లెక్కలో తేడా 25 శాతం. అసోసియేషన్‌కు ఇచ్చింది ఏ రకం పాలసీ అన్నదాని మీద లక్షల తేడా రావచ్చన్నమాట, ఆ పేరు మొదటి పేజీ పైనే ఉంటుంది.

తక్కువ పడ్డది ఎవరు కట్టాలి

పై లెక్కలో ఇంకా 4,43,750 కావాలి. కార్పస్ ఫండ్, అంటే అసోసియేషన్ దాచిపెట్టుకునే ఉమ్మడి నిధి, ఉంటే అందులోంచి తీస్తారు, లేకపోతే ఇంటింటికీ వేయాలి. సమానంగా వేస్తే ఫ్లాట్‌కు 22,187 రూపాయల 50 పైసలు. అడుగుల లెక్కన వేస్తే అడుగుకు 17.75, అంటే చిన్న ఫ్లాట్‌కు 17,750, పెద్ద ఫ్లాట్‌కు 26,625.

లిఫ్ట్ అందరం ఒకేలా వాడతాం కాబట్టి సమానంగా వేయాలంటారు పెద్ద ఫ్లాట్ల వాళ్లు. ఉమ్మడి ఆస్తిలో వాటానే అడుగుల లెక్కన ఉన్నప్పుడు నష్టం కూడా అలాగే పంచాలంటారు చిన్న ఫ్లాట్ల వాళ్లు. ఆస్తి హక్కు వైపు నుంచి చూస్తే రెండోది సబబుగా కనిపిస్తుంది. కానీ నెలనెలా మెయింటెనెన్స్ సమానంగా తీసుకునే అసోసియేషన్ కష్టం వచ్చినప్పుడు మాత్రం లెక్క మారిస్తే అడగరా? అయిదో అంతస్తు వాళ్లకు ఇంకో బాధ, మా దాకా నీళ్లే రావు కదా అని. నిజమే, రావు. కానీ మోటార్ మునిగితే ట్యాంకులోకి నీళ్లెక్కవు, లిఫ్ట్ ఆగితే ఎక్కువ మెట్లెక్కేది వాళ్లే. మా దగ్గర మూడు మీటింగులు పట్టింది, చివరికి అడుగుల లెక్కకే ఒప్పుకున్నారు, ఇద్దరు తప్ప.

మొత్తం బిల్డింగ్‌కా, ఉమ్మడి భాగాలకేనా

ఫ్లాట్లతో సహా స్ట్రక్చర్ అంతా అసోసియేషన్ ఒకే పాలసీలో చేయించాలని కొందరంటారు. శ్లాబు ఎవరిదన్న తగువే రాదు, ఖాళీలు మిగలవు, ఊళ్లో లేని ఓనర్ ఫ్లాట్ కూడా కవర్ అవుతుంది. పిల్లర్ దెబ్బతింటే ఇరవై మంది ఇరవై కంపెనీలతో మాట్లాడాల్సిన పని ఉండదు. కానీ ఇప్పటికే లోన్‌తో బీమా ఉన్నవాళ్లు రెండుసార్లు ప్రీమియం కడతారు, మెయింటెనెన్సే సరిగా ఇవ్వని ఇద్దరి వంతు మిగతావాళ్ల మీద పడుతుంది.

ఉమ్మడి భాగాలకే అసోసియేషన్, ఫ్లాట్ ఎవరిది వాళ్లే అనే పద్ధతిలో ఖర్చు తక్కువ, ఎవరి బాధ్యత వాళ్లది. అయితే ఇది అందరూ నిజంగా చేయించుకుంటేనే పనిచేస్తుంది. మా బిల్డింగ్‌లోని ఇరవై మంది ఓనర్లలో ఇంటికి సొంత బీమా ఉన్నది ముగ్గురికే అని తర్వాత తేలింది. ఆ మూడే కాగితాలు చూశాక నేను మొదటి పద్ధతి వైపు మొగ్గాను. సొంత పాలసీలు మామూలైపోయిన బిల్డింగ్‌లో ఉంటే బహుశా రెండోదే సరిపోతుందనేవాణ్ని.

బీమా వద్దు, ఆ ప్రీమియం కార్పస్‌లో వేద్దాం అనేవాళ్ల మాటలో కూడా అర్థముంది. మోటార్ కాలడం లాంటి చిన్న ఖర్చులకు కార్పసే మేలు, క్లెయిమ్ తిరుగుడు ఉండదు. ఒక అంతస్తు కాలిపోతే మాత్రం పదేళ్ల కార్పస్ కూడా చాలదు.

ఏ కాగితంలోనూ లేనివాళ్లు

సెల్లార్ మూలన వాచ్‌మన్ గది ఉంది కదా, దాని గోడలు అసోసియేషన్ పాలసీలో ఉన్నాయి. గదిలోని మంచం, చిన్న టీవీ, రేషన్ బియ్యం, ఆరో తరగతి చదివే పిల్ల పుస్తకాలు ఎవరి పాలసీలోనూ లేవు. ఉద్యోగుల సొంత వస్తువులకు చిన్న పరిమితితో చోటిచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి, మాది అలాంటిది కాదు. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ ఉన్నా అది ఆయన ఒంటికి దెబ్బ తగిలితేనే, సామానుకు పనికిరాదు.

ఈసారి రెన్యువల్‌కు ముందు ఆస్తి వివరణ ఒక్క లైనుతో వదల్లేదు. లిఫ్ట్, జనరేటర్, సంప్ మోటార్లు, ప్యానెల్ బోర్డు, కాంపౌండ్ గోడ, పునాదితో సహా స్ట్రక్చర్, అన్నీ విడివిడిగా విలువలతో రాసిచ్చాం. ఆఖరి వరసలో వాచ్‌మన్ గది సామాను, 40 వేలు. అసోసియేషన్ ఆస్తి కానిదాన్ని అసోసియేషన్ పాలసీలో ఎలా చేరుస్తారని కంపెనీ అడిగింది. మా దగ్గర పనిచేసే మనిషి సామాను మా ప్రాంగణంలో మా సంరక్షణలో ఉందని లెటర్‌హెడ్ మీద రాసి, సెక్రటరీ గారు, నేను సంతకాలు చేసి పంపాం. ఇంకా జవాబు రాలేదు.